కాటా 90 మిల్లీగ్రాములు తక్కువ చూపిస్తే: భూమి తిరుగుడు లెక్క వేయడం ఎలా

తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో ఇరవై ఏళ్లుగా కాటాలు బాగుచేస్తున్నాను. పోయిన ఏడాది ఒక నగల షాపాయన ఢిల్లీలో ఉన్న తమ్ముడి దగ్గర నుంచి ఎలక్ట్రానిక్ కాటా తెప్పించుకున్నాడు. నూరు గ్రాముల రాయి పెడితే 99.91 చూపిస్తోంది. "ఏమన్నా, దారిలో పడేసినారా, లేకుంటే రాయే అరిగిపోయిందా?" అని ఒకటే టెన్షన్. బంగారంలో 90 మిల్లీగ్రాములంటే మాటలా?

మీకూ ఇలాగైతే ముందే కాటా విప్పకండి. పాత రెండు పళ్లేల త్రాసులో ఒకవైపు ఆ రాయి, రెండోవైపు ముద్ర ఉన్న మరో రాయి పెట్టండి. ముల్లు మధ్యలో నిలిస్తే రాయిలో తప్పు లేనట్టే. ఆ రోజు కాసేపు అటూ ఇటూ ఊగి సరిగ్గా మధ్యలోనే ఆగింది. త్రాసు రెండు రాళ్లను పోలుస్తుంది, ఊరు మారినా రెండువైపులా ఒకేలా మారుతుంది. ఎలక్ట్రానిక్ కాటాకు తెలిసేది రాయి కిందకు నొక్కే బలం ఒక్కటే. ఆ బలం ఊరూరికీ తేడా.

ఎందుకంటే భూమి తిరుగుతోంది. జాతరలో రంగులరాట్నం జోరందుకుంటే కుర్చీలు బయటికి లేవడం చూసే ఉంటారు. మనల్ని తనతో పాటు గుండ్రంగా తిప్పడానికే భూమి ఆకర్షణలో కొంత ఖర్చయిపోతుంది. మిగిలిందే కాటా మీద పడుతుంది. భూమధ్యరేఖ దగ్గర తిరిగే చుట్టు పెద్దది, అక్కడ ఖర్చు ఎక్కువ. ధ్రువాల దగ్గర సున్నా.

ఇక కాగితం తీసుకోండి. భూమి ఒక చుట్టు తిరగడానికి 86,164 సెకన్లు. 6.2832ను (ఒక పూర్తి చుట్టు కోణం, అంటే పైకి రెండింతలు) దానితో భాగిస్తే 0.0000729 వస్తుంది. దాన్ని అదే సంఖ్యతో గుణించి, భూమి వ్యాసార్థం 63,78,000 మీటర్లతో మళ్లీ గుణించండి. సుమారు 0.034, ఇది భూమధ్యరేఖ దగ్గరి ఖర్చు. తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీలు, దాని కొసైన్ 0.972. రెండుసార్లు గుణించాలి: చుట్టు చిన్నదైనందుకు ఒకసారి, ఆ లాగుడు నిట్టనిలువుగా కాక కొంచెం ఏటవాలుగా ఉన్నందుకు ఇంకోసారి. చాలామంది ఈ రెండోసారి మర్చిపోతారు. జవాబు 0.032. ఇక్కడి భూమి లాగుడు 9.78 (సెకనుకు సెకనుకు మీటర్లలో), అందులో ఇది మూడో వంతు శాతం, అంటే 60 కిలోల మనిషికి దాదాపు 200 గ్రాములు!

  

ఢిల్లీ 28.6 డిగ్రీలు, అక్కడి ఖర్చు 0.026. తేడా 0.006, నూరు గ్రాములకు 60 మిల్లీగ్రాములు. మిగతా 30 ఎక్కడివి? తిరిగీ తిరిగీ భూమి నడుము దగ్గర ఉబ్బింది, అందుకే మనం ఢిల్లీవాళ్ల కంటే భూమి కేంద్రానికి కాస్త దూరం, ఆకర్షణ ఆ మేరకు తక్కువ. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి ఆయన పారిస్ నుంచి భూమధ్యరేఖకు దగ్గరలోని కయెన్‌కు లోలకం గడియారం తీసుకెళ్తే, అది రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. లాగుడు తగ్గితే లోలకం మెల్లగా ఊగుతుంది; గడియారం చెడిపోలేదు, మా షాపాయన కాటా లాగే.

సరిచేయడానికి కాటాను అరగంట ముందే ఆన్ చేసి పెట్టండి. నీటి బుడగ వలయం మధ్యలోకి వచ్చేదాకా కాళ్లు తిప్పండి. ఫ్యాను ఆపేయండి. రాయిని చిమటాతో పట్టుకోండి, చేతి జిడ్డు కూడా తూగుతుంది. కాలిబ్రేషన్ బటన్ నొక్కి, అడిగిన రాయి పెట్టి, అంకె నిలిచేదాకా తాకకండి. తర్వాత 20, 50 గ్రాములు విడిగా చూడండి. బటన్ లేకుండా సీలు వేసి ఉంటే సీలు తెంచొద్దు. లైసెన్సున్న మెకానిక్‌తో సరిచేయించి, తూనికలు కొలతల శాఖ ముద్ర మళ్లీ వేయించుకోవాలి.

ఆయన కాటా 100.00 చూపించాక, మూత వెనక "తిరుపతిలో సరిచేసినది" అని తేదీ వేసి చీటీ అంటించాను. ఢిల్లీకి తిరిగి పంపితే ఇదే కాటా అక్కడ 100.09 చూపిస్తుంది.