ఐఈపీ ఎలా రాయాలి? స్పెషల్ టీచర్ చదువులో ఉన్నవాళ్లకు

డి.ఎడ్. స్పెషల్, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే టీచర్ల కోర్సు, చదివేవాళ్లు ప్రాక్టికల్స్‌కి వచ్చి నా ముందు పెట్టే ఫైళ్లు చూస్తే ఒక్కోసారి నవ్వొస్తుంది, ఎక్కువసార్లు ఒళ్లు మండుతుంది. పైన మెరుపు కాగితం, లోపల స్కెచ్ పెన్ను పువ్వులు, అసలు పేజీలో మాత్రం "విద్యార్థి స్వతంత్రంగా జీవించుటకు తోడ్పడుట" అని ఒక లక్ష్యం. అమలాపురంలో బాబుకీ అదే, పాలకొల్లులో పాపకీ అదే. సీనియర్ల ఫైలు చూసి దింపేశారని చెప్పడానికి పెద్ద పరిశోధనేం అక్కర్లేదు. ఐఈపీ, అంటే వ్యక్తిగత విద్యా ప్రణాళిక, ఒక్క బిడ్డ కోసం రాసేది. ఇద్దరికి సరిపోయిందంటే అది పనికిరాదు.

చదువు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ఇంటర్ తర్వాత రెండేళ్ల డి.ఎడ్. స్పెషల్, లేదా డిగ్రీ తర్వాత రెండేళ్ల బి.ఎడ్. స్పెషల్. కాలేజీకి ఆర్‌సీఐ, అదే భారత పునరావాస మండలి, గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోండి. పాసయ్యాక సీఆర్‌ఆర్ నంబరు, అంటే ఆ మండలి కేంద్ర రిజిస్టర్‌లో మీ పేరుకిచ్చే నంబరు, తీసుకోవాలి. అది లేకుండా ఈ పని చేయడం 1992 ఆర్‌సీఐ చట్టం ప్రకారం నేరం. బొమ్మూరు, దూబచర్ల డైట్‌లలో, అదే జిల్లా టీచర్ల శిక్షణ సంస్థల్లో, డీసెట్ ప్రవేశ పరీక్ష రాసి చేరేది డి.ఇఎల్.ఎడ్., అది మామూలు ప్రాథమిక బడి టీచర్లకు, వేరే కోర్సు. రెండూ ఒకటే అనుకుని వచ్చేవాళ్లు ఏటా ఉంటారు.

సామాను: రూళ్లు లేని పొడుగు నోట్‌బుక్కు, నీలం పెన్ను, చేతికి గడియారం. ఫోన్‌లో నోట్సు రాయకూడదు, బిడ్డ ఫోన్ మీద పడతాడు, ఇక చూడ్డానికేమీ మిగలదు. కుర్చీలో కూర్చోకూడదు. బిడ్డ నేల మీద ఉంటే మీరూ నేల మీదే.

మొదటి పని ఇంటికి వెళ్లడం. స్కూల్లోనో అంగన్‌వాడీలోనో చూశాక ఇంటికి వెళ్దామని చాలామంది అనుకుంటారు. అలా కుదరదు, ముందు ఇల్లే. అన్నం వేళకు వెళ్లండి, పెడితే తినండి. బిడ్డ ఏ గిన్నెలో తింటాడు, ఎవరి ఒళ్లో కూర్చుంటాడు, నీళ్లు కావాలంటే ఏం చేస్తాడు, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. తల్లిని ఏం కావాలని అడిగితే "మావోడికి మాటలొత్తే చాలండీ" అంటుంది. ఆ మాటను అలాగే, ఆమె నోటి వెంట వచ్చినట్టే రాసుకోండి.

తర్వాత చెక్‌లిస్టు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ, అప్పట్లో ఎన్‌ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ, తయారుచేసిన ఎఫ్‌ఏసీపీ మనకు చాలు, బిడ్డకు ఏ పనులు వచ్చో ఏవి రావో గుర్తుపెట్టుకునే జాబితా అది. ఐక్యూ అంకెను మాత్రం పట్టుకుని వేలాడకండి. నలభై అయిదు అని తెలిస్తే రేపు పొద్దున్న ఏం నేర్పాలో తెలుస్తుందా? చెక్‌లిస్టులో ఒక్కటే జాగ్రత్త: రాకపోవడం వేరు, అవకాశమే లేకపోవడం వేరు. గోదావరి మధ్య లంకలో పెరిగిన బిడ్డ ట్రాఫిక్ సిగ్నల్ ఎప్పుడూ చూడలేదు. అక్కడ మైనస్ పెట్టొద్దు, ఎన్‌ఈ (నో ఎక్స్‌పోజర్, అవకాశం లేదు) అని రాయండి. అదే బిడ్డ ఏరు దాటించే పంటు ఒడ్డుకు తగిలేదాకా అమ్మ చెయ్యి వదలకుండా నిలబడతాడు. ఇది చెక్‌లిస్టులో అడగరు, మీరే పక్కన రాసుకోవాలి.

ఇప్పుడు అసలు చోటు. లక్ష్యం రాయడం. ఫైళ్లన్నీ తగలడేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

"బాబు స్వతంత్రంగా తింటాడు" అని రాస్తారు. మూడు నెలల తర్వాత మీరు వచ్చింది అంటారు, నాన్నమ్మ రాలేదంటుంది. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. మీరు అన్నం నోట్లోకి వెళ్లడం చూశారు, ఆవిడ చాప మీద పడిన అన్నం చూసింది. లక్ష్యం రాస్తే ఎవరు చూసినా ఒకటే జవాబు రావాలి. అలా రావాలంటే అందులో మూడు సంగతులు ఉండాలి: ఏం సిద్ధం చేసి ఇస్తాం, బిడ్డ కంటికి కనిపించేలా ఏం చేస్తాడు, ఎంత చేస్తే వచ్చినట్టు. పప్పన్నం కలిపి కంచంలో ముందు పెడితే, ఎవరూ చెయ్యి పట్టకుండా, అయిదు ముద్దల్లో నాలుగు కింద పడకుండా నోటికి అందుకుంటాడు, వరుసగా మూడు రోజులు. ఇలా రాస్తే నాన్నమ్మకు కూడా పేచీ పెట్టడానికి చోటుండదు.

తెలుసుకుంటాడు, అర్థం చేసుకుంటాడు, అవగాహన పెంచుకుంటాడు: ఈ మూడు క్రియలూ లక్ష్యంలో కనబడకూడదు. అర్థం చేసుకున్నాడని మీకెలా తెలిసింది? చూపించాడా, తెచ్చాడా, విడదీశాడా? అదే రాయండి. "రంగులు తెలుసుకుంటాడు" కాదు. ఎరుపు, పసుపు మూతలు కలిపి ఇస్తే ఎర్రవి ఒక గిన్నెలో, పసుపువి ఇంకో గిన్నెలో వేస్తాడు.

ముద్దలని ఎందుకన్నానో కూడా చెప్పాలి. పుస్తకాల్లో ప్రతిచోటా చెంచా ఉంటుంది. మన ఇళ్లలో ఎవరు చెంచాతో తింటున్నారు? చెంచా నేర్పితే బిడ్డ ఒక్కడే వేరుగా కనిపిస్తాడు, పెళ్లిలో అరిటాకు ముందు కూర్చుంటే మళ్లీ మొదటికి వస్తాం. చెయ్యి బాగా బిగుసుకుపోయిన బిడ్డకు చెంచా వేరే సంగతి, దానికి ఫిజియోను అడగాలి. మిగతా అందరికీ చెయ్యే.

లక్ష్యంలో అంకె వేసేముందు ఇప్పుడు ఎంత చేస్తున్నాడో తెలియాలి. ఒక్కరోజు చూసి రాయకండి. కనీసం మూడు వేర్వేరు రోజులు చూడాలి. జలుబు చేసిన రోజు చూస్తే ఏమీ రాదనిపిస్తుంది, మేనమామ వచ్చిన రోజు చూస్తే అన్నీ వచ్చనిపిస్తుంది. అయిదులో సున్నా ఉన్నవాడికి అయిదులో అయిదు రాయడం ఆశ. అలాంటి లక్ష్యం తప్పినప్పుడు నింద బిడ్డ మీదకే వస్తుంది.

గడువు కూడా ఊరిని బట్టే. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి మన మాట వినదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చారంటే లంకల్లో పిల్లలు బడికి రావడం కష్టం. ఆ నెలలకు ఇంట్లో చేయగలిగే లక్ష్యాలే పెట్టండి: నిక్కరు, చేతులు కడగడం, అన్నం. బడిలో గుంపుతో చేసే పనులు దసరా తర్వాత.

లక్ష్యం కుదిరాక దాన్ని మెట్లుగా విడగొట్టాలి. ఇక్కడ నాది ఒకటే పద్ధతి, వెనక నుంచి ముందుకు. నిక్కరు తొడుక్కోవడం అయితే రెండు కాళ్లూ మీరే దూర్చి, తొడల దాకా మీరే లాగి, చివరి బెత్తెడు బిడ్డ చేత లాగించండి. పని పూర్తయిందన్న సంతోషం మొదటిరోజే వాడికి దక్కుతుంది. మొదటి మెట్టు నుంచి నేర్పితే కాలు దూర్చడంలోనే విసిగి ఏడుస్తాడు, మిగతాది అమ్మ చేసేస్తుంది. సాయం తీసేసే వరుస కూడా రాయండి: చెయ్యి మీద చెయ్యి, తర్వాత మోచేతి దగ్గర తాకడం, తర్వాత సైగ. నోటితో చెప్పడం వీలైనంత తక్కువ. చేతి సాయం తీసెయ్యొచ్చు గానీ "లాగు నాన్నా, లాగు" అన్నది ఒకసారి అలవాటైతే ఆ మాట వినేదాకా బిడ్డ కదలడు.

ఈ భాగం నాన్నమ్మకు ప్రత్యేకంగా చూపించండి. "మేం తొడిగేత్తాం కదండీ, ఆడికెందుకా కష్టం" అంటారు. వాదించకండి. చివరి బెత్తెడు మాత్రం వదిలెయ్యమ్మా అనండి, అంతే.

వారానికోసారి లెక్క వేసుకోవాలి. రెండు వారాలైనా కదలకపోతే మెట్టు పెద్దదైందని అర్థం, దాన్ని రెండు చెయ్యండి.

చివరికి సంతకాలు. ఫైలు ఇంగ్లీషులో ఉన్నా ఇంటికిచ్చే కాపీ తెలుగులో, ఒక్క పేజీలో ఉండాలి. తల్లికి చదవడం రాకపోతే చదివి వినిపించి, ఆమె ఒప్పుకున్నాకే సంతకమో వేలిముద్రో తీసుకోండి. సదరం సర్టిఫికెట్, అదే వైకల్య ధ్రువపత్రం, జిరాక్సు ఫైలులో పెట్టి, ఒరిజినల్ ఆ పూటే తిరిగి ఇచ్చెయ్యండి. వాళ్ల పింఛనుకు అదే ఆధారం.