మినియాపొలిస్ మంచులో సైకిల్ మీద ఆఫీసుకు

అమెరికాలోని మినియాపొలిస్‌లో జనవరి రాత్రుళ్లు ఉష్ణోగ్రత సగటున మైనస్ 13 డిగ్రీల సెల్సియస్ దాకా దిగుతుంది. చదువుకో ఉద్యోగానికో కొత్తగా వచ్చిన మనవాళ్లు బెదిరేది ఆ అంకెకే. సైకిల్ తొక్కేవాళ్లకు అదంత చిక్కేం కాదు. అంత చలిలో మంచు పొడిగా ఉంటుంది, టైరు కింద కరకరలాడుతూ పట్టు ఇస్తుంది. ఎముకలు విరిగేది సున్నాకు అటూ ఇటూ ఊగే రోజుల్లో: మధ్యాహ్నం కరిగిన నీరు సాయంత్రం మీరు ఇంటికి బయలుదేరేసరికి అద్దంలా గడ్డకట్టి ఉంటుంది. చలికి బట్టలు చాలు. ఐసుకు టైర్లు కావాలి. అందుకే మొదటి ఖర్చు టైర్ల మీదే పెట్టండి.

మేకుల టైర్లు

టైరు రబ్బరు మీది గాడులు ఎంత లోతుగా ఉన్నా ఐసు మీద పనికిరావు. టంగ్‌స్టన్ కార్బైడ్ మేకులు దిగిన టైర్లే కొనాలి. చవగ్గా దొరికే ఉక్కు మేకులు తారురోడ్డు మీద త్వరగా అరిగిపోతాయి. ఒక టైరుకు 100 మేకులు, రెండు వరసల్లో ఉన్నవి తిన్నటి రోడ్డుకు సరిపోతాయి. కార్లు తొక్కిన మంచు రాత్రికి గడ్డకట్టి, బురదలో బండిగాడి ఎండి రాయైనట్టు తయారవుతుంది. ఆ గాడి అంచున చక్రం పక్కకు జారుతుంది కాబట్టి అంచుల్లో కూడా మేకులుండాలి. ష్వాల్బే మారథాన్ వింటర్ లాంటి 200 పైచిలుకు మేకుల టైరు ఎందుకంటే ఇందుకే.

ఒక్క టైరుకే డబ్బుంటే ముందు చక్రానికి వేయండి. వెనక చక్రం జారితే కాలు ఆనించి నిలదొక్కుకోవచ్చు; ముందుది జారితే ఆ వ్యవధి ఉండదు.

బిగించేముందు టైరు ఎటు తిరగాలో చూపే బాణం గుర్తు చూసుకోండి. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి, లేకపోతే అక్కడ మంచు కూరుకుపోయి చక్రం ఆగిపోతుంది. కొత్త టైరుతో మొదటి 40 కిలోమీటర్లు పొడిరోడ్డు మీద నెమ్మదిగా తొక్కాలి, గట్టిగా బ్రేకు వేయకూడదు. మేకులు రబ్బరులో కుదురుకోవడానికి ఆ మాత్రం దూరం కావాలి. అక్టోబరు నెలాఖరుకల్లా వేసేసుకోవడం మంచిది. 1991లో హాలోవీన్ రోజు మొదలైన తుపాను ఈ ఊరి మీద 28 అంగుళాలకు పైగా మంచు పోసింది.

గాలి సంగతి చాలామంది మర్చిపోతారు. 20 డిగ్రీల గదిలో 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టిన టైరు, మైనస్ 10లోకి వెళ్లేసరికి దాదాపు 43కు పడిపోతుంది. పంచరు కాదది, గాలి కుంచించుకోవడమే. ఐసు రోజున కొంచెం తక్కువ గాలి మేలే, అంచు మేకులు నేలకు తగులుతాయి. టైరు మీద రాసిన కనిష్ఠానికి మాత్రం దిగువకు పోవద్దు.

సైకిల్

ఖరీదైన సైకిల్‌ని ఇంట్లో ఉంచి, పాతదాన్ని బయటకు తీయండి. ఇక్కడ రోడ్లమీద చల్లే ఉప్పు చైనునూ కేబుళ్లనూ ఒక్క సీజనులో తినేస్తుంది. గేర్లు ఎంత తక్కువుంటే అంత నయం. బయట వేలాడే డిరైలర్‌లో (చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) తడిమంచు చేరి గడ్డకడితే గేరు మారదు.

చలికాలపు వింత తిప్పలొకటుంది: పెడల్ తిరుగుతుంది, సైకిల్ కదలదు. ఫ్రీవీలు లోపల స్ప్రింగుతో లేచి పట్టుకోవాల్సిన చిన్న పళ్లు లేవలేకపోవడమే దీనికి కారణం. డిసెంబరు పొద్దున సీసాలో కొబ్బరినూనెలాగే లోపలి గ్రీజు బిగుసుకుపోతుంది. శీతాకాలానికి ముందే షాపులో పాత గ్రీజు కడిగించి పలచటి నూనె వేయించండి. దారిలో పట్టేస్తే దగ్గర్లోని వెచ్చటి చోటికి తీసుకెళ్లడమొక్కటే మార్గం. వేడినీళ్లు పోశారంటే అవి లోపలే గడ్డకట్టి ఇంకో ముడి వేస్తాయి.

బ్రేకుల్లో కేబుల్‌తో లాగే డిస్కు రకం నిశ్చింత. రిమ్ము బ్రేకులైతే, రిమ్ము మీది ఐసు తుడుచుకుపోయేదాకా చక్రం ఒకటి రెండు చుట్లు ఆగకుండానే తిరుగుతుంది. సిగ్నలుకు బాగా ముందే లీవరు మెల్లగా తాకిస్తూ రావాలి.

చైనుకు తడివాతావరణపు నూనె వాడండి. వారానికోసారి గుడ్డతో తుడిచి మళ్లీ వేయాలి. రాత్రి సైకిల్ లోపల పెడితే పూర్తిగా ఆరనివ్వండి. సగం తడితో పొద్దున్నే బయటకు తీస్తే కేబుల్ గొట్టాల్లో నీరు గడ్డకట్టి బ్రేకు కదలదు. అలా ఆరబెట్టే వీల్లేకపోతే చలిలోనే ఉంచడం నయం.

దారి

వేసవి దారే చలికాలం దారి అనుకోవద్దు. పాత రైలుదారి మీద వేసిన మిడ్‌టౌన్ గ్రీన్‌వే సుమారు 9 కిలోమీటర్లు కార్ల బెడద లేకుండా సాగుతుంది, మంచు కూడా తీస్తారు. కొంచెం చుట్టైనా అదే పట్టుకోండి. నగరం స్నో ఎమర్జెన్సీ (రోడ్ల మీది మంచు తీసే రోజులు) ప్రకటిస్తే మొదటి రాత్రి 9 గంటల నుంచి గుర్తుపెట్టిన పెద్ద రోడ్లు తుడుస్తారు, మిగతా వీధుల వంతు ఆ తర్వాతి రెండు రోజుల్లో. అవి తుడిచేదాకా సందులు మానేయండి. మంచు తీసే నాగలిబండి పక్కకు తోసిన మంచుకట్ట సైకిల్ లేనులోనే పడుతుంది కాబట్టి అక్కడ కారు లేను మధ్యలో నడపాలి, అంచున వేలాడితే రెండు వైపులా ప్రమాదమే.

తొక్కేటప్పుడు ఒళ్లు బిగబట్టకండి. ఐసు మీద హ్యాండిల్ తిప్పడం, బ్రేకు, పెడల్‌మీద ఒక్కసారిగా బలం ఈ మూడూ వద్దు. అలాగే తిన్నగా దొర్లనిచ్చి, పొడిచోటు వచ్చాక తిరగండి. వేగం తగ్గించక తప్పకపోతే వెనక బ్రేకే, అదీ మెల్లగా. వంతెనల కింద కూడా గాలి ఆడుతుంది కాబట్టి రోడ్డుకంటే ముందు గడ్డకట్టేది అవే. ఉప్పు కలిసి బెల్లం తురుములా మారిన గోధుమరంగు మంచులో మేకులు పనిచేయవు, అవి కింద గట్టినేలను తాకవు. తక్కువ గేరులో, సీటు మీదే కూర్చుని దాటాలి, అదీ కాకపోతే దిగి నడిపించాలి.

బట్టలు

గడప దాటిన మొదటి పది నిమిషాలు చలి వేయాలి. అప్పుడే వెచ్చగా ఉన్నారంటే ఆఫీసు చేరేసరికి చెమటతో తడుస్తారు. ఒంటికి ఉన్నిదో సింథటికో పలచటి చొక్కా, పైన ఫ్లీసు, ఆపైన గాలి ఆపే జాకెట్. నూలు బనియను వద్దు, చెమట పీల్చుకుని ఆరదు. మైనస్ 15లో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ముఖానికి తగిలే చలి మైనస్ 24తో సమానం. హెల్మెట్ కింద పలచటి మంకీ క్యాప్ సరిగ్గా పనికొస్తుంది. మందపుది పెడితే హెల్మెట్ తలమీద కుదరదు.

చేతులకు గ్లౌజులకంటే హ్యాండిల్‌కు తొడిగే బార్ మిట్లు మేలు. లోపల పలచటి గ్లౌజు చాలు, బ్రేకు వేళ్లకు అందుతుంది. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి. రెండు జతల మేజోళ్లు ఇరికిస్తే రక్తం ఆడక వేళ్లు ఇంకా త్వరగా మొద్దుబారతాయి.

డిసెంబరులో నాలుగున్నరకల్లా పొద్దుకుంకుతుంది. రాత్రి తొక్కాలంటే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు మిన్నెసోటా చట్టం ప్రకారం తప్పనిసరి. వెనక ఎర్ర లైటు కూడా పెట్టుకోండి. ఆఫీసుకెళ్లాక లైట్లు లోపలికి తీసుకెళ్లాలి, చలికి బ్యాటరీ దిగిపోతుంది. ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీదీ అదే మాట. సున్నాకు దిగువన ఛార్జి పెడితే సెల్లు దెబ్బతింటుంది, గది వేడికి వచ్చాకే పెట్టండి. తాళం రంధ్రం కిందికి ఉండేలా వేయండి, పైకుంటే కరిగిన నీరు అందులోనే గడ్డకడుతుంది.

వాన పడుతూ పడినచోటే గడ్డకట్టే రోజున మేకులున్నా వెళ్లకండి. మీరు నిలబడ్డా మీ మీదికి జారే కార్లు నిలబడవు. ఈ ఊరి మెట్రో ట్రాన్సిట్ బస్సుల ముందు సైకిల్ తగిలించే రాక్ ఉంటుంది. పొద్దున తొక్కుకుంటూ వెళ్లి సాయంత్రం వాతావరణం తిరగబడితే, దానికి తగిలించి బస్సెక్కండి.