ఎల్ఈడీ స్టేజ్ స్క్రీన్ మ్యాపింగ్: మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

- మ్యాపింగ్ అంటే వీడియోలోని ఏ భాగం తెరపై ఎక్కడ రావాలో అమర్చడం. ముందు పిక్సెళ్లు లెక్కపెట్టండి, మీటర్లు కాదు. 3.91 మి.మీ. పిచ్ (పక్కపక్క పిక్సెళ్ల మధ్య దూరం) ఉన్న 500 × 500 మి.మీ. క్యాబినెట్‌లో (తెరగా పేర్చే ఒక్కో పలకలో) అడ్డం 128, నిలువు 128 పిక్సెళ్లు ఉంటాయి. అడ్డం 12, నిలువు 6 క్యాబినెట్లు పేరిస్తే తెర 1536 × 768. వీడియో చేసేవాళ్లకు ఇవ్వాల్సిన సైజు ఇదే. ఫుల్ హెచ్‌డీలో చేసి పంపితే చాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

- ప్రాసెసర్ (వీడియోను క్యాబినెట్లకు పంపే పెట్టె) మీది ఒక గిగాబిట్ నెట్‌వర్క్ పోర్టు 60 హెర్ట్జ్, 8 బిట్ రంగు దగ్గర సుమారు 6.5 లక్షల పిక్సెళ్లే మోస్తుంది. పై తెరలో దాదాపు 11.8 లక్షలున్నాయి కాబట్టి కనీసం రెండు పోర్టులు కావాలి. 10 బిట్‌కు వెళితే లెక్క మళ్లీ వేసుకోండి.

- కేబుల్ ఏ క్యాబినెట్ నుంచి ఏ క్యాబినెట్‌కు వెళ్తోందో తెర వెనక నుంచే గీసుకోండి. ముందునుంచి చూస్తే కుడిఎడమలు తారుమారవుతాయి. చాలా తప్పులు ఇక్కడే పుడతాయి.

- స్కేలింగ్ (బొమ్మను సాగదీయడం, కుదించడం), ఓవర్‌స్కాన్ (అంచులు కత్తిరించి పెద్దది చేయడం) ఎక్కడున్నా ఆపేయండి: గ్రాఫిక్స్ కార్డులో, మీడియా సర్వర్‌లో (వీడియో ప్లే చేసే కంప్యూటర్‌లో), ప్రాసెసర్‌లో. ఒక్కచోట మిగిలినా అక్షరాల అంచులు మసకబారతాయి.

- ఒక్కో పిక్సెల్ నలుపు, తెలుపుగా మారే చదరంగం గళ్ల టెస్ట్ ప్యాటర్న్ వేసి, దగ్గరికెళ్లి చూడండి. గళ్లు స్పష్టంగా ఉంటే సరే. బూడిదరంగు పట్టీలు కనిపిస్తే ఎక్కడో స్కేలింగ్ జరుగుతోంది. ఈ పరీక్షను మాత్రం టైమ్ లేదని వదిలేయొద్దు.

- ఈడీఐడీని (ఏ సైజు వీడియో కావాలో కంప్యూటర్‌కు చెప్పే సమాచారాన్ని) లాక్ చేయండి, తెర సెట్టింగులుండే కాన్ఫిగరేషన్ ఫైల్ బ్యాకప్ తీసుకోండి.

- పాడైనదాని బదులు విడి క్యాబినెట్ పెట్టినప్పుడు రిసీవింగ్ కార్డు (క్యాబినెట్ లోపల సిగ్నల్ అందుకునే బోర్డు) సెట్టింగులు మళ్లీ పంపండి.