తెలుగు వికీలో పీతలూ రొయ్యలూ – 4వ పాఠం: పేరు దగ్గర ఆగుదాం

పోయిన పాఠంలో ఇచ్చిన పని చాలామంది చేశారు. తెలుగు వికీపీడియాలో మీ ప్రయోగశాల పేజీల్లో (రాసి చూసుకునే పేజీల్లో) మండపీత మీద, అంటే మడ బురదలో ఉండే పీత మీద, నాలుగైదు వాక్యాలు రాశారు. అన్నీ చదివాను. భాష బాగుంది, రాసేకొద్దీ ఇంకా సాఫీ అవుతుంది. ఒక్క వాక్యం మాత్రం దాదాపు అందరూ ఒకేలా రాశారు: "మండపీత శాస్త్రీయ నామం సిల్లా సెర్రేటా." ఈ పాఠమంతా ఆ ఒక్క వాక్యం గురించే. మొలక వ్యాసానికి, అంటే నాలుగు వాక్యాల చిన్న వ్యాసానికి, ఇంత అవసరమా అనిపించొచ్చు. కానీ వ్యాసంలో మిగతా సమాచారమంతా ఆ పేరు మీదే నిలబడుతుంది. ఎంత పెరుగుతుంది, ఎక్కడ గుడ్లు పెడుతుంది, ఏం తింటుంది అన్నవన్నీ ఆ పేరుతో వెతికే తెచ్చుకుంటాం. పేరు తప్పితే ఇంకో జంతువు వివరాలు తెచ్చి దీనికి అంటించినట్టే.

ముందు పీతను చూడాలి. ఒక పొద్దున్నే కాకినాడలోనో యానాంలోనో చేపల మార్కెట్‌కి వెళ్లండి. కోరింగ మడ అడవుల్లోకి మాత్రం దిగకండి. అది 1978 నుంచి అభయారణ్యం, అక్కడ జంతువుల్ని పట్టడం నేరం. మార్కెట్లో మండపీతల్ని కాళ్లు కట్టేసి ప్రాణాలతోనే అమ్ముతారు. ఆ కట్టు విప్పమని అడగొద్దు. ముందు కాళ్ల మధ్య వేలు చిక్కిందంటే నలిగిపోతుంది. "ఒకసారి చూసిస్తానమ్మా" అంటే కాదనేవాళ్లు తక్కువ. వెనక నుంచి డిప్ప పట్టుకుని, కళ్లు మీ వైపుకి ఉండేలా తిప్పండి.

రెండు కళ్ల మధ్య నుదురు లాంటి అంచు ఉంటుంది. దాని మీద నాలుగు పళ్లు. ఒక పీతకి అవి ఎత్తుగా, మొన తేలి ఉంటాయి. ఇంకో పీతకి పొట్టిగా, అరిగిపోయినట్టు గుండ్రంగా ఉంటాయి. రెండిటినీ పక్కపక్కన పెడితే ఎవరికైనా తెలిసిపోతుంది, ఒక్కటే ఉన్నప్పుడే అనుమానం వస్తుంది. అప్పుడు ముందు కాలు మణికట్టు చూడండి, అంటే పట్టుకునే పెద్ద భాగం మొదలయ్యే ముందుండే కీలు. దాని బయటి వైపు రెండు ముళ్లు స్పష్టంగా నిలబడ్డాయా, లేక ఒక చిన్న మొద్దు ముల్లు ఉందా, అదీ లేదా? ఆ తరువాత కాళ్లు. మొదటి రకానికి అన్ని కాళ్ల మీదా వల పరిచినట్టు గళ్లు గళ్లుగా గీతలుంటాయి. రెండో రకానికి ఆ వల కనబడదు. ఒళ్లు గోధుమ రంగులోకి తిరిగి, ముందు కాళ్లు కాస్త ఎర్రబడి ఉంటాయి.

మొనదేలిన పళ్లు, రెండు ముళ్లు, కాళ్లనిండా వల ఉన్నది సిల్లా సెర్రేటా. గుండ్రని పళ్లది సిల్లా ఒలివేసియా. మేం కొనే చోట రెండిటినీ మండపీతే అంటారు. కళ్ల పక్క నుంచి డిప్ప అంచు పొడవునా ఒక్కో వైపు తొమ్మిదేసి పళ్లు కూడా ఉంటాయి. అవి రెండిటికీ అంతే కాబట్టి లెక్కపెట్టి లాభం లేదు. రంగు ఒక్కటే చూసి కూడా తేల్చకండి. బురదను బట్టి, నీటిని బట్టి రంగు మారుతుంది.

ఇప్పుడు పుస్తకాల సంగతి. 1998లో కీనన్, డేవీ, మాన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు సిల్లా ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) మొత్తాన్ని తిరిగి పరిశీలించి, ఇందులో నాలుగు జాతులున్నాయని తేల్చారు: సెర్రేటా, ఒలివేసియా, ట్రాంక్విబారికా, పారామమోసైన్. అంతకు ముందు ఎన్ని జాతులన్న దాని మీదే ఏకాభిప్రాయం లేదు. మన దేశపు పాత వ్యాసాల్లో చిన్న పీతను సెర్రేటా అనీ, పెద్ద పచ్చ పీతను ట్రాంక్విబారికా అనీ రాయడం మామూలు. ఇప్పటి లెక్కలో ఆ చిన్నది ఒలివేసియా, ఆ పెద్దదే సెర్రేటా. ఒకే పేరు పాత కాగితంలో ఒక పీతకీ, కొత్త కాగితంలో ఇంకో పీతకీ ఉందన్నమాట! (ట్రాంక్విబారికా అన్న పేరు తమిళ తీరంలోని తరంగంబాడి (ట్రాంక్విబార్) నుంచి వచ్చింది. ఆ ఊరు డెన్మార్క్ వాళ్ల చేతిలో ఉన్న రోజుల్లో, 1798లో ఫాబ్రీషియస్ అనే శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు.)

కాబట్టి మూలం (మన మాటకి ఆధారమైన పుస్తకమో వ్యాసమో) దొరకగానే ముందు దాని సంవత్సరం చూడండి. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ పాత ప్రచురణలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, అవి మనకి పెద్ద ఆస్తి. 1998కి ముందు వ్యాసమైతే అందులో బొమ్మ ఉందా, నుదుటి పళ్ల వర్ణన ఉందా అని వెతకండి. ఉంటే ఏ పీత గురించి మాట్లాడుతున్నారో మీకే అర్థమవుతుంది. లేకపోతే ఆ కొలతలూ బరువులూ మన వ్యాసంలోకి ఎత్తుకోవద్దు, ఎంత ఆశగా ఉన్నా సరే.

నేనిది నష్టపోయి నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట ఒక గోధుమ రంగు మండపీత ఫొటో తీసి, సిల్లా సెర్రేటా అని పేరు పెట్టి కామన్స్‌లో ఎక్కించాను. అన్ని భాషల వికీలూ ఫొటోలు తీసుకునే ఉమ్మడి చోటు అది. ఫొటో శుభ్రంగా వచ్చింది. నుదురు మీద వెలుగు పడి ప్రతి పన్నూ కనిపిస్తోంది. అవి గుండ్రంగా ఉన్నాయని మాత్రం నేను చూడలేదు. మాతో కలిసి రాసే, యానాంలో జంతుశాస్త్రం చెప్పే మేడం చర్చ పేజీలో రెండే వాక్యాలు రాశారు: "నమస్తే అండీ, ఫొటో చాలా బాగుంది. నుదుటి పళ్లూ, మణికట్టూ ఒకసారి చూస్తారా?" అప్పటికే ఆ బొమ్మ ఇంకో రెండు భాషల వికీల్లోకి వెళ్లిపోయింది. పేరు మార్చమని కామన్స్‌లో అభ్యర్థన పెట్టి, ఆ రెండు వికీల చర్చ పేజీల్లోనూ చెప్పుకుని, తీయించేసరికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ నాకు ఒకటే టెన్షన్.

ఆవిడ రాసిన తీరు గమనించండి. తప్పని తేల్చేయలేదు, ఎక్కడ చూడాలో చెప్పారు. మీరూ చర్చ పేజీలో అలాగే రాయండి: ముందు చూసినది, తరువాత మూలం, చివర సంతకం. వ్యాసంలో నేరుగా దిద్దితే దిద్దుబాటు సారాంశం పెట్టెలో కారణం రాయండి. "సవరణ" అని ఒక్క మాట రాసి వదిలేస్తే, రేపు పేజీ చరిత్ర తిరగేసేవాళ్లకి ఏమీ తెలియదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, కిందటిసారి ఒక తమ్ముడు అడిగాడు కూడా. తను భీమవరం దగ్గర చెరువుల మీద పనిచేస్తాడు. "అన్నా, నేను రోజూ చూసేదే కదా, రాస్తే మూలం లేదని తీసేశారు. నా కన్ను మూలం కాదా?" ఆ బాధ నాకు తెలుసు. భైరవపాలెం వైపు వేటకెళ్లేవాళ్లకి ఆడ మండపీత గుడ్లు వదలడానికి సముద్రంలోకి పోతుందని తాతల నాటి నుంచీ తెలుసు. అయినా వికీలో మనం చూసినది అచ్చులో ఉన్న మూలంతోనే రాయాలి. ఎందుకంటే చదివేవాడు మనల్ని ఎరగడు, పరీక్షించుకోడానికి అతని చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి. అలాగని కన్ను వృథా పోదు. ఏ మూలాన్ని నమ్మాలో, దేన్ని అనుమానించాలో చెప్పేది ఆ కన్నే. పైగా మీరు తీసిన ఫొటో మీదే, దానికి వేరే అచ్చు మూలం అడగరు. చెరువు గట్టు మీద ఉన్నవాళ్లు వికీకి ఇవ్వగలిగిన వాటిలో అంతకన్నా విలువైనది నాకు తెలియదు.

పేరు రాసే పద్ధతిలో ఇంకో చిన్న సంగతి. శాస్త్రీయ నామం పక్కన పేరు పెట్టినవారి ఇంటిపేరు, సంవత్సరం ఉంటాయి. సిల్లా సెర్రేటా పక్కన "ఫోర్స్‌కాల్, 1775" అని బ్రాకెట్లలో ఉంటుంది. టైగర్ రొయ్య పినేయస్ మోనోడాన్ పక్కన "ఫాబ్రీషియస్, 1798" అని బ్రాకెట్లు లేకుండా ఉంటుంది. అది అచ్చుతప్పు కాదు, దిద్దకండి. మొదట పేరు పెట్టినప్పుడు వేరే ప్రజాతిలో ఉండి, తరువాత ఇటు మారితే బ్రాకెట్లు వస్తాయి. మొదటి నుంచీ అదే ప్రజాతిలో ఉంటే రావు. వనామి రొయ్య ఈ రెండు అవస్థలూ చూసింది. 1931లో బూన్ పేరు పెట్టినప్పుడు పినేయస్. 1997లో లిటోపినేయస్ అన్నారు, బ్రాకెట్లు వచ్చాయి. ఇప్పుడు చాలామంది తిరిగి పినేయస్ అంటున్నారు, బ్రాకెట్లు పోయాయి. అన్నట్టు, మన చెరువుల్లో పొద్దున్న లేస్తే వినబడే ఆ "వనామి" ఒక మనిషి ఇంటిపేరు. విల్లర్డ్ వాన్ నేమ్ అనే అమెరికన్ జంతుశాస్త్రవేత్త గౌరవార్థం పెట్టారు.

తెలుగు పేర్ల దగ్గర గొడవ పడొద్దు. మనకి పీత, తెలంగాణ వైపు ఎండ్రకాయ. ఒక పేరు మీద వ్యాసం పెట్టి, రెండో పేరుతో దారిమార్పు పేజీ చేస్తే చాలు. ఏ పేరుతో వెతికినా ఒకే చోటికి వస్తారు. మండపీత విషయంలో మాత్రం నా అభిప్రాయం ఇది: "మండపీత" అన్న పేజీని సిల్లా ప్రజాతికి ఉంచి, రెండు జాతులకూ రెండు వేరే వ్యాసాలు రాయాలి. మార్కెట్ మాట అబద్ధం కాకుండా, శాస్త్రం మాట తప్పిపోకుండా ఉంటుంది. ఒప్పుకోనివాళ్లు చర్చ పేజీలో రాయండి. ఎక్కువమందిని కదిపే మార్పు కాబట్టి, చేసే ముందు రచ్చబండలో (వికీలో రాసేవాళ్లంతా మాట్లాడుకునే పేజీలో) కూడా పెడదాం.

ఈసారి పని రొయ్యలతో. ఒక నీలకంఠ రొయ్య (మంచినీటి రొయ్య), ఒక టైగర్ గానీ వనామి గానీ తెచ్చుకోండి, తలలు తీయించకండి. రొయ్యను పక్కకి పడుకోబెట్టి పొట్ట గట్ల పక్క రేకులు చూడండి. నీలకంఠానికి రెండో రేకు వెడల్పుగా ఉండి, ముందున్న మొదటి రేకునీ, వెనకున్న మూడోదాన్నీ రెండిటినీ కప్పుతుంది. టైగర్‌కి మొదటిదే రెండోదాన్ని కప్పుతుంది, ఇంటి పెంకుల్లా వరసగా. ఈ ఒక్క గుర్తుతో రెండు పెద్ద గుంపులు విడిపోతాయి. పొట్ట కింద గుడ్లు మోసుకుని కనబడితే అది నీలకంఠం వైపుది, టైగర్ గుడ్లని నేరుగా సముద్రంలోకి వదిలేస్తుంది.

ఆ రెండో రేకు స్పష్టంగా కనబడేలా, పక్కన స్కేలు పెట్టి, ఒక్కోదానికి ఒక ఫొటో తీయండి. ఎక్కడ కొన్నారో, ఏ తేదీనో కాగితం మీద రాసి ఉంచుకోండి. ఇంకా ఎక్కించకండి. లైసెన్సు, ఫైలు పేరు, వర్ణన ఎలా రాయాలో 5వ పాఠంలో ఆ ఫొటోలతోనే చేసి చూద్దాం.