కొరమీను గాలాల పోటీకి బయల్దేరే ముందు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయినా, తెల్లవారుజామున కృష్ణ మీద గాలి ఇంకా వణికిస్తుంది. బెజవాడలో భవానీ ద్వీపం వైపు పడవెక్కేవాళ్లు ముందు రాత్రే ఇవి చూసుకోండి.

• లైఫ్ జాకెట్. ఈత వచ్చినా సరే. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. బకిల్ పెట్టి, గట్టిగా లాగి చూడండి.

• దారం. చివరి రెండు బారలు రెండు గోళ్ల మధ్య నుంచి మెల్లగా జార్చండి. ఎక్కడ గరుకు తగిలితే అక్కడికి కోసేసి కొత్త ముడి వేయండి. బిగించే ముందు ముడిని తడపాలి, పొడిగా లాగితే రాపిడి వేడికి దారం బలం పోతుంది. కొరమీను పళ్లు పదును, గుంజుడు మొరటు. నా లెక్కలో చేప చేజారేది ఎక్కువగా ఈ ముడి దగ్గరే.

• గాలం మొన గోటి మీద ఆనించండి. జారితే అరగదీయాల్సిందే.

• కప్ప బొమ్మ ఎరలు, కటింగ్ ప్లేయర్, టోపీ, తాగేనీళ్లు.

• పట్టిన చేపను వేసే తొట్టిని నీళ్లతో అంచుదాకా నింపొద్దు. కొరమీను పైకొచ్చి గాలి పీల్చాలి. మూత మాత్రం గట్టిగా ఉండాలి, ఎగిరి దూకేస్తుంది.

• ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే అక్కడ గాలం వేయకండి, దయచేసి. కింద పెద్దచేప కాపలా కాస్తుంటుంది. దాన్ని లాగేస్తే ఆ పిల్లలన్నీ వేరే చేపల పాలే.

• ప్రకాశం బ్యారేజీ గేట్ల దరిదాపుల్లోకి పడవ పోనివ్వొద్దు.