వెనక కట్టిన కారు బ్రేకులు మొరాయిస్తే

మోటార్‌హోమ్ (లోపల ఇల్లులా అమర్చిన పెద్ద బండి, ఆర్వీ అని కూడా అంటారు) వెనక మామూలు కారును నాలుగు చక్రాల మీదే లాక్కెళ్లడం అమెరికాలో కొత్తేమీ కాదు. అలా ‘టో’ చేసే కారును ఇక్కడి ఆర్వీ జనం ‘టోడ్’ అంటారు. కప్ప అన్నమాట. మా కప్ప ఒక జీప్ రాంగ్లర్. బరువు 4,000 పౌండ్ల పైమాటే. మోటార్‌హోమ్ బ్రేకులను దాని సొంత బరువుకు తగ్గట్టే తయారుచేస్తారు. వెనక ఇంకో రెండు టన్నులు తోస్తూ ఉంటే దాన్ని కూడా ఆపే పూచీ వాటిది కాదు. అందుకే కారులో అదనపు బ్రేక్ యూనిట్ పెట్టుకోవాలి. మనం ముందు బ్రేక్ వేస్తే అది వెనక కారు పెడల్ తొక్కుతుంది.

వీటిలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి డ్రైవర్ సీటు ముందు నేల మీద పెట్టే పెట్టె, ప్రయాణం అయ్యాక తీసేయొచ్చు. రెండోది కారులోనే శాశ్వతంగా బిగించేది. ఎయిర్ బ్రేకులున్న పెద్ద డీజిల్ బళ్లకు గాలి గొట్టంతో నడిచేవి కూడా ఉన్నాయి. వాటిలో కలపాల్సిన చోట సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడటం తప్ప నాకు పెద్ద అనుభవం లేదు.

ఏ సమస్య వచ్చినా ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. పెడల్ తొక్కకూడనప్పుడు తొక్కుతోందా, తొక్కాల్సినప్పుడు తొక్కడం లేదా? ఇది తెలియాలంటే మోటార్‌హోమ్ డ్యాష్‌బోర్డు మీద చిన్న లైటు ఉండాలి. దాని వైరును యూనిట్ నుంచి కాకుండా కారు బ్రేక్ పెడల్ స్విచ్ నుంచి తెచ్చుకోండి. యూనిట్ నుంచి తెస్తే అది పని చేయాలనుకుంటోందని మాత్రమే తెలుస్తుంది. పెడల్ నిజంగా కదిలిందో లేదో స్విచ్చే చెబుతుంది.

కారు చక్రాల దగ్గర కాలిన వాసన

మొదటి ట్రిప్పులో నాకు ఎదురైంది ఇదే. డాలస్ నుంచి కొలరాడో వెళ్తూ అమరిల్లో దాకా రాకముందే రెస్ట్ ఏరియాలో ఆగితే, జీప్ ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పట్టేసిందనుకుని బోలెడు టెన్షన్ పడ్డాను. వెనక్కి వెళ్లి చూస్తే జీప్ బ్రేక్ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. పెట్టె కదలకూడదని సీటును గట్టిగా ముందుకు జరిపాను. ఆ ఒత్తిడికి పెడల్ అరంగుళం కిందకే ఉండిపోయింది. అంటే అంత దూరమూ బ్రేకు తొక్కిపట్టే వచ్చామన్నమాట.

ముందు ఫ్లోర్ మ్యాట్ తీసేయండి, అది జారుతుంది. సీటును పెట్టెకు ఆనేదాకా మాత్రమే జరపండి. పెడల్ పూర్తిగా పైకి వచ్చిందో లేదో, వెనక లైట్లు ఆరాయో లేదో చూశాకే బండి కదిలించండి. పది పదిహేను మైళ్లు వెళ్లాక ఒకసారి ఆగి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నాలుగు చక్రాలూ కొలవండి. ముందు రెండూ వెనకవాటికంటే కాస్త వేడిగా ఉండటం సహజం. ఒక్క చక్రమే వేడెక్కితే తప్పు యూనిట్‌ది కాకపోవచ్చు, ఆ చక్రం కాలిపరో బేరింగో చూపించుకోవాలి. అన్నీ మండుతుంటే పెడల్ మీదే అనుమానపడాలి. వేడెక్కిన డిస్కుల మీద నీళ్లు పోయకండి, బీటలు వారొచ్చు.

మైదానంలో బాగానే ఉండి కొండ దిగేటప్పుడే వేడెక్కితే కారణం వేరు. కొన్ని యూనిట్లు బండి వేగం తగ్గడాన్ని పసిగట్టి బ్రేక్ వేస్తాయి. ఐ-70 మీద సుమారు 11,000 అడుగుల ఎత్తున ఐసెన్‌హోవర్ టన్నెల్ దాటి డెన్వర్ వైపు దిగుతున్నప్పుడు మనం చిన్న గేరులో ఇంజిన్‌తో వేగం తగ్గిస్తాం కదా, యూనిట్‌కు అది కూడా బ్రేకులాగే తోస్తుంది. సెన్సిటివిటీ కొద్దిగా తగ్గించి చూడండి. మోటార్‌హోమ్ బ్రేక్ లైటు వెలిగితేనే పెడల్ తొక్కే అమరిక మీ యూనిట్‌లో ఉంటే అది ఇంకా నయం.

మొదటి రెండు బ్రేకులకే టైర్లు లాక్, తర్వాత ఏమీ లేదు

మన కాలి ఒత్తిడిని పెంచి బ్రేకుకు అందించే బ్రేక్ బూస్టర్‌కు బలం ఇంజిన్ వ్యాక్యూమ్ నుంచి వస్తుంది. ఇంజిన్ ఆపాక కూడా లోపల కొంత మిగిలే ఉంటుంది. ఆ కాస్తా ఉన్నంతసేపు పెడల్ మెత్తగా, బ్రేకు గట్టిగా ఉంటుంది. రెండు మూడుసార్లు తొక్కితే అది అయిపోయి పెడల్ రాయిలా మారుతుంది. పెట్టె రకమైతే, పెట్టే ముందే పెడల్ గట్టిపడేదాకా కాలితో తొక్కి, ఆ తర్వాతే బలం సెట్ చేయాలి.

శాశ్వతంగా బిగించే యూనిట్లలో కొన్నిటికి సొంత వ్యాక్యూమ్ పంపు ఉంటుంది. అక్కడ బ్రేకు నీరసంగా పడితే గొట్టం ఊడిందేమో చూడాలి. బిగించిన మర్నాడు కారు ఐడ్లింగ్‌లో వణుకుతూ చెక్ ఇంజిన్ లైటు వచ్చిందా? యూనిట్ గొట్టం కారు వ్యాక్యూమ్ గొట్టంతో కలిసే టీ జాయింటు దగ్గర గాలి లాగుతోందేమో, గాలిని ఒకవైపుకే పోనిచ్చే చెక్ వాల్వు తిరగేసి పెట్టారేమో చూడండి. మా మెకానిక్ ఒకసారి అలాగే పెట్టాడు. వారం రోజులు ఇంజిన్‌లో తప్పు వెతికాం.

దిగేసరికి కారు బ్యాటరీ డెడ్

యూనిట్ కరెంటు కారు బ్యాటరీ నుంచే తీసుకుంటుంది. దానికి తోడు స్టీరింగ్ లాక్ కాకుండా తాళంచెవి యాక్సెసరీలో ఉంచాల్సిన కార్లు కొన్ని ఉన్నాయి. మోటార్‌హోమ్ నుంచి ఏడు పిన్నుల కనెక్టర్ ద్వారా, ఫ్యూజ్ పెట్టిన ఛార్జింగ్ వైరు లాగడమే సరైన దారి. మోటార్‌హోమ్ ఇంజిన్ నడుస్తుండగా కారు బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ 13 వోల్టులు దాటి చూపించాలి. చూపించకపోతే ముందుగా ఎర్త్ వైరు తుప్పు గోకండి. బ్యాటరీ చచ్చిందంటే స్టార్ట్ కాకపోవడం ఒక్కటే కాదు, బ్రేక్‌అవే (కారు మోటార్‌హోమ్ నుంచి ఊడిపోతే పిన్ లాగబడి దానంతటదే బ్రేక్ పడే ఏర్పాటు) కూడా చచ్చినట్టే.

బ్రేక్ వేస్తే ఇండికేటర్ ఆగిపోతుంది

మామూలు నాలుగు వైర్ల పద్ధతిలో తెలుపు ఎర్త్, గోధుమ రంగు టెయిల్ లైట్లు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. బ్రేకుకూ ఇండికేటర్‌కూ ఒకటే వైరు. యూనిట్ పెడల్ తొక్కగానే కారు సొంత స్విచ్ కూడా అవే బల్బులకు ఆగకుండా కరెంటు పంపుతుంది. ఇక మిణుకుమనడానికి వీలుండదు. డయోడ్లు (కరెంటును ఒకవైపుకే పోనిచ్చేవి) ఒక్కటే పెడితే ఇది పోదు. టో చేసేటప్పుడు ఆ స్విచ్ నుంచి లైట్లకు వెళ్లే దారిని తెంపే రిలే పెట్టాలి, లేదా టెయిల్ లైట్లలో వేరే బల్బులు బిగించాలి. నేనైతే బల్బులే పెట్టాను, కారు వైరింగ్ జోలికి పోనక్కర్లేదు.

మలుపులో బ్రేక్‌అవే పిన్ ఊడి వచ్చేస్తుంది

కేబుల్ పొట్టిది. పూర్తిగా తిప్పిన మలుపుకు సరిపడా వదులు ఉండాలి, రోడ్డుకు రాసుకోకూడదు. రెండో కొసను టో బార్‌కు (కారును మోటార్‌హోమ్‌కు కలిపే కడ్డీ) కాకుండా మోటార్‌హోమ్‌కే కట్టాలి. బార్ ఊడిపోతే దానితోపాటే కేబుల్ కూడా వచ్చేస్తుంది, పిన్ లాగేది ఎవరు?

బయల్దేరే ముందు ఆ పిన్ చేత్తో లాగి చూడండి, పెడల్ వెంటనే కిందకి దిగాలి. దిగకపోతే ఫ్యూజ్, ఎర్త్, బ్యాటరీ, ఈ వరుసలో చూడండి. చూశాక పిన్ తిరిగి పెట్టేయండి. మా ఆవిడ గుర్తు చేయకపోతే నేను ఒకసారి అలాగే వదిలేసి కాఫీకి వెళ్లేవాణ్ని.