సార్వాకు (ఖరీఫ్ వరికి) ముందు పాత ఇంజిను కార్బురేటర్ విప్పుతున్నారా?

కాలువలకు నీళ్లు వదిలే రోజులు దగ్గరపడ్డాయి. దాళ్వా (రబీ వరి) తర్వాత మూలన పడేసిన పెట్రోలు-కిరోసిన్ ఇంజినులో, ఇంధనాన్ని గాలితో కలిపే కార్బురేటర్లో మిగిలిన ఇంధనం బంక కట్టి ఉంటుంది.

జెట్టును, అంటే ఇంధనం వెళ్లే సన్న రంధ్రమున్న ముక్కను, ఇనుప తీగతో పొడవవద్దు. రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా ఇంధనం ఎక్కువ తాగుతుంది, నల్లపొగ కక్కుతుంది, ప్లగ్గు మసిబారుతుంది. ఇక కొత్త జెట్టే గతి. క్లీనరులో నానబెట్టి గాలి కొట్టండి. మొండికేస్తే చేపల వల నైలాన్ పోగు చాలు, మన ఊళ్లలో దానికి కొరతా?

గాలి కొట్టే ముందు ఫ్లోటు (గిన్నెలో ఇంధనంపై తేలే భాగం) తీయండి, అది ఒత్తిడికి నలిగిపోతుంది.

మిశ్రమం స్క్రూ (ఇంధనం, గాలి పాళ్లు సరిచేసేది) విప్పే ముందు మెల్లగా చివరిదాకా తిప్పి, ఎన్ని చుట్లో రాసుకోండి. బలంగా బిగిస్తే మొన అరుగుతుంది.

రబ్బరు వాషర్లను క్లీనరులో వేయవద్దు, ఉబ్బుతాయి.

ట్యాంకు కూడా కడగండి. అడుగున తుప్పు, నీరు మిగిలితే మర్నాడే పని మళ్లీ మొదలు.

ఇకపై ఇంజిను ఆపే ముందు కాసేపు పెట్రోలుపై నడపండి. కార్బురేటర్ గిన్నెలో కిరోసిన్ నిలిస్తే మరుసటి రోజు స్టార్టు కాదు.